రాయి పేరు బిల్లు మీద రాయండి

గోమేధికం ఉంగరం కొన్నవాళ్ళని ఒకసారి బిల్లు చూపించమని అడగండి. వెండి ఎన్ని గ్రాములో ఉంటుంది, కూలి ఎంతో ఉంటుంది, పన్ను పైసలతో సహా ఉంటుంది. రాయి దగ్గరికొచ్చేసరికి ‘స్టోన్ - 1’ అని ఒక్క ముక్క. అది ఏ రాయి, ఎన్ని క్యారెట్లు, భూమిలో పుట్టిందా కొలిమిలో పుట్టిందా అన్నది ఎక్కడా కనపడదు. ఇచ్చిన డబ్బులో పెద్ద భాగం పోయింది మాత్రం ఆ ఒక్క ముక్కకే.

నాది కొడవలూరు. రాళ్ళు పొదిగే పని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. నెల్లూరు ఆచారి వీధిలో చాలా ఏళ్ళు కూర్చుని చేశాను. ఇప్పుడు మా ఇంటి వసారాలోనే కుంపటి, పటకార్లు, మిల్లీగ్రాము వరకు చూపే కాటా పెట్టుకుని పని చేసుకుంటున్నాను. మా దగ్గరికొచ్చేవాళ్ళలో ఎక్కువమంది వరి రైతులు, రొయ్యల రైతులు, వాళ్ళ ఆడవాళ్ళు.

మా ఊళ్ళో ధాన్యం అమ్మడం ఎంత కష్టమో బయటివాళ్ళకి తెలియదు. కళ్ళంలోకి వచ్చినవాళ్ళు ముందు తేమ యంత్రం తీస్తారు. 17 శాతం దాటిందంటే కోత మొదలు. తాలు ఎంత, మట్టి ఎంత, రంగు మారిన గింజ ఎంత, అన్నీ లెక్కే. పుట్టికి 850 కిలోలు కాటా వేస్తే, ఆ 850లో ఎన్ని తీసేస్తారోనని రైతు గుండె కొట్టుకుంటూ ఉంటుంది. తాను పండించింది అమ్మేటప్పుడు ఇన్ని కొలతలకి నిలబడిన మనిషి, ఆ డబ్బు పట్టుకుని వెళ్ళి రాయి కొనేటప్పుడు మాత్రం అవతలివాడి నోటిమాటే కొలత. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

గోమేధికాన్ని సరదాకి కొనేవాళ్ళు తక్కువ. కెంపులు, పచ్చలు పెళ్ళికి కొంటారు, ముత్యాలు ముచ్చటకి కొంటారు. గోమేధికం కొనేది మనిషి దిగులుగా ఉన్నప్పుడు. రాహుదశ నడుస్తోందని ఎవరో చెబుతారు, శ్రీకాళహస్తి వెళ్ళి రాహుకేతు పూజ చేయించుకుంటారు, ఆ తర్వాత వేలికి రాయి. వాళ్ళ నమ్మకం జోలికి నేను పోను. మా నాన్న చేతికి కూడా ఉండేది. నేనడిగేది ఒక్కటే. నమ్మకంతో వచ్చిన మనిషికి మీరు గోమేధికమని చెప్పి ఇచ్చింది గోమేధికమే అయి ఉండాలి కదా?

మొన్న ఎండాకాలం విడవలూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చాడు. వైట్‌స్పాట్ తెగులు తగిలి చెరువు మొత్తం పోయింది. ఆరు క్యారెట్లకు తగ్గకుండా గోమేధికం వెండిలో పెట్టించి శనివారం మధ్యవేలికి పెట్టుకోమన్నారట. వేరే ఊళ్ళో కొన్నాడు. ఉంగరం వదులైంది. “ఆచారన్నా, సైజు తగ్గించియ్యి, రాయిని మాత్రం కదిలించబాక” అన్నాడు. వెండి అతకాలంటే మంట తగలాలి, మంటకి రాయి పగిలే ప్రమాదముంది, కాబట్టి తీయక తప్పదని చెప్పి ఆయన ఎదుటే కొక్కేలు విప్పాను.

రాయి చేతిలోకి రాగానే అనుమానమొచ్చింది. పదింతలు చూపించే అద్దం కింద పెడితే లోపల రెండు గుండ్రటి బుడగలు, వాటి పక్కన వంపు తిరిగిన సన్నటి చారలు. సానపట్టిన అంచులు పదునుగా లేవు, అరిగిన సబ్బులా మొద్దుగా ఉన్నాయి. కాటా మీద 1.240 గ్రాములు తూగింది. అంటే 6.2 క్యారెట్లు, బరువు అడిగినంత ఉంది. సన్నటి తీగతో కట్టి గ్లాసు నీళ్ళలో వేలాడదీసి మళ్ళీ తూచాను. 0.744 వచ్చింది. నీళ్ళలో తగ్గింది 0.496. మొదటి బరువుని దీనితో భాగిస్తే రెండున్నర. గోమేధికమైతే మూడున్నర దాటి రావాలి.

“అంటే ఏందన్నా?” అన్నాడు.

“గాజు తమ్ముడా.”

పన్నెండు వేలు పెట్టి కొన్నాడట, అదీ అప్పు తెచ్చి. కాసేపు ఆ రాయిని అరచేతిలో అటూ ఇటూ తిప్పి, “ఇంట్లో వాళ్ళకి చెప్పబాక” అన్నాడు. బిల్లు తెచ్చుకుంటే వెళ్ళి అడగవచ్చని చెప్పాను. మర్నాడు తెచ్చాడు. అందులోనూ ‘స్టోన్ - 1’. గోమేధికమని రాసి గాజు అమ్మితే నిలదీయవచ్చు. రాయి అని రాసి గాజు అమ్మినవాడిని ఏమని నిలదీస్తాం?

గోమేధికం అంటే ఏమిటో కొనేవాళ్ళకి ఎవరూ విడమరచి చెప్పరు గనక నేను చెబుతాను. అది గార్నెట్ కుటుంబంలోని రాయి. ఆ కుటుంబంలో గ్రోసులర్ అనే రకం ఉంది, కాల్షియం, అల్యూమినియం, సిలికా కలిసిన ఖనిజం. అందులోకి కొద్దిగా ఇనుము, మాంగనీసు చేరితే తేనెరంగు నుంచి ఎరుపు తిరిగిన నారింజ వరకు రంగులు వస్తాయి. దాన్నే శాస్త్రంలో హెస్సొనైట్ అంటారు, మనం గోమేధికం అంటున్నాం. వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో బృహత్సంహితలో చెప్పిన రత్నాల వరుసలో కూడా గోమేదకం పేరుంది. నవరత్నాల్లో చోటున్న రాయే అయినా బజారులో దీన్ని ఉపరత్నం కిందే లెక్కేస్తారు. క్యారెట్ వందల్లో పలికేవీ ఉన్నాయి, వేలల్లో పలికేవీ ఉన్నాయి. మోసానికి చోటు దొరికేది కూడా ఈ తేడాలోనే.

దీన్ని పట్టుకోవడానికి అన్నిటికంటే మంచి గుర్తు రాయి కడుపులో ఉంటుంది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని అద్దంలోంచి చూడండి. నీళ్ళలో చిక్కటి పానకం పోసి ఇంకా కలపనప్పుడు కనిపించే మెలికల్లాంటివి రాయి లోపలంతా ఉంటాయి. ఆ మెలికల మధ్య చిన్నచిన్న పారదర్శకమైన పలుకులు, మూలలు అరిగి గుండ్రంగా ఉన్నవి, గుంపులుగా కనిపిస్తాయి. అవి రాయి పుట్టినప్పుడు లోపల చిక్కుకున్న వేరే ఖనిజాలు. కొందరు కొనేవాళ్ళు వీటిని చూసి “రాయి శుభ్రంగా లేదు” అని పక్కన పెట్టేసి, అద్దంలా తేటగా ఉన్న గాజుని ఏరుకుంటారు. ఎంత చెప్పినా ఆ అలవాటు పోవడం లేదు. గాజులోనూ మెలికలుంటాయి, కానీ వాటి వెంట ఈ పలుకులుండవు, గుండ్రటి గాలిబుడగలుంటాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూపిస్తే చదువురాని పెద్దమ్మ కూడా పోల్చుకుంటుంది. చూపించే ఓపిక అమ్మేవాళ్ళకి ఉండాలి.

ఇక కొలతలు. గోమేధికం సాంద్రత 3.65 చుట్టూ ఉంటుంది. కాంతిని అది ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం 1.74 చుట్టూ ఉంటుంది. మొదటిది నేను చేసినట్టు కాటా, గ్లాసు నీళ్ళతో తేలుతుంది. రెండోదానికి రిఫ్రాక్టోమీటర్ కావాలి. గుప్పిట్లో పట్టే పరికరం, ధర మోటార్ సైకిలంత కూడా ఉండదు. రాయిని దాని గాజు పలక మీద ఒక చుక్క ద్రవం వేసి బోర్లిస్తే, లోపలి స్కేలు మీద నీడ ఎక్కడ ఆగిందో చూసి చదువుకోవడమే. ఒక్క కొలతతో తీర్పు చెప్పకూడదు. సీసం ఎక్కువ కలిపిన గాజుని గోమేధికమంత బరువుగా తయారు చేయవచ్చు. కానీ నకిలీలకి వాడే మామూలు గాజు 1.70 దాటి చూపించడం అరుదు. బరువు, కాంతి, లోపలి గుర్తులు మూడూ ఒకే మాట చెప్పాలి.

పాలలో వేయడం, గోమూత్రంలో రాత్రంతా ఉంచి రంగు చూడడం, సూదితో గీకడం, నిప్పుల మీద పెట్టడం, ఇవన్నీ ఊళ్ళల్లో ఇంకా నడుస్తున్నాయి. పాలు, గోమూత్రం ఏమీ చెప్పవు. గీకితే, కాలిస్తే అసలు రాయి కూడా పాడయ్యే ప్రమాదముంది.

ఇదే రంగులో తిరిగే రాళ్ళు చాలా ఉన్నాయి. అకీకు మనందరికీ తెలిసిందే, రొట్టెల పండగకి బారాషహీద్ దర్గాకి వచ్చేవాళ్ళ వేళ్ళకి చూస్తూనే ఉంటాం. ఎర్రటి అకీకుని కార్నీలియన్ అంటారు. అది గార్నెట్ కాదు, స్ఫటిక జాతి. వెలుతురు దాని గుండా మసకగా వస్తుంది గాని ఆరపార కనపడదు. గుజరాత్‌లో రతన్‌పూర్ దగ్గర తవ్వి ఖంభాత్‌లో సానపడతారు. పసుపు తిరిగిన రాయిని కాలిస్తే అందులోని ఇనుము ఎర్రబారుతుంది. హరప్పా కాలం నుంచీ సాగుతున్న విద్య అది, దాచాల్సిందేమీ లేదు. గోమేధికం ధరకి అమ్మితేనే తప్పు. నారింజ రంగు స్పెసార్టైన్ కూడా గార్నెట్టే, మాంగనీసు రకం. గోమేధికం కంటే బరువెక్కువ, మెరుపెక్కువ, మేలిరకమైతే ధర కూడా ఎక్కువ. సిట్రిన్ తేలిక, నీళ్ళ తూకంలోనే దొరికిపోతుంది. నారింజ రంగు అమెరికన్ డైమండ్, అంటే క్యూబిక్ జిర్కోనియా, దానికి తలకిందులు, ఐదున్నర దాటిన సాంద్రతతో చేతిలో పెట్టగానే బరువు తెలుస్తుంది.

జిర్కాన్ దగ్గర కాస్త ఆగాలి. దానికీ అమెరికన్ డైమండ్‌కీ పేరులో పోలికే గాని రెండూ వేరు. జిర్కాన్ భూమిలో పుట్టిన రాయి. ఎరుపు, గోధుమ, నారింజ రంగుల జిర్కాన్‌ని గోమేధికమని చెలామణి చేయడం పాత సంగతి. పైముఖంలోంచి అడుగు అంచుల్ని చూస్తే ఒక్కో గీత రెండుగా కనిపిస్తుంది. గోమేధికంలో ఒకే గీత. నా దగ్గర పని నేర్చుకునే కుర్రవాడికి మొట్టమొదట నేర్పింది ఇదే. రెండు గీతలు చూసిన రోజున వాడి మొహం వెలిగిపోయింది.

మన ప్రాంతంలోనే గోమేధికం దొరుకుతుందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనుల్లో ఎర్రరాళ్ళు నిజంగానే దొరుకుతాయి. పారబోసిన మట్టిదిబ్బల్లో వానలు పడ్డాక పిల్లలు ఏరుకుంటారు. అవి కూడా గార్నెట్లే, అయితే ఇనుము, మాంగనీసు ఎక్కువున్న రకం. ఎక్కువ భాగం పగుళ్ళతో, వెలుతురు దూరకుండా ఉంటాయి. హెస్సొనైట్ పుట్టాలంటే కాల్షియం కావాలి. సున్నపురాయికి కింద నుంచి కరిగిన శిల వేడి తగిలిన చోట అది పుడుతుంది. అందుకే మంచి గోమేధికం కోసం వ్యాపారులు సిలోను వైపు, ఒడిశా వైపు చూస్తారు. మన మట్టిలో గార్నెట్ ఉందన్నది నిజం. అది గోమేధికమన్నది వేరే మాట. ఈ రెంటినీ కలిపేసి అమ్మేవాళ్ళ మాట నమ్మవద్దు.

తెలుగు నేల గార్నెట్‌కి గొప్ప చరిత్రే ఉంది. పాత ఖమ్మం జిల్లా గరీబ్‌పేటలో ఊదా ఛాయ ఎర్ర గార్నెట్ దొరుకుతుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన గార్నెట్ పూసలు అక్కడి కొండవేనని జర్మనీ, ఫ్రాన్స్, భారత్ పరిశోధకులు కలిసి 2017లో ఒక రత్నశాస్త్ర పత్రికలో నిరూపించారు. ఎలా తేల్చారంటే, రాతి రసాయనాలు కొలిచి, దాని కడుపులో ఉన్న సన్నటి పోగుల్లాంటి ఖనిజాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట సముద్రం దాటడానికి సిద్ధమైన పూస ఏ కొండదో ఇవాళ చెప్పగలుగుతున్నారు. నిన్న షాపులో కొన్న రాయి ఏమిటో చెప్పడం కుదరదంటే నేను ఒప్పుకోను.

మోసం కొత్తది కాదు. రోములో 1వ శతాబ్దపు ప్లినీ తన గ్రంథంలో రత్నాల గురించి రాస్తూ, నకిలీ రాళ్ళంత లాభం తెచ్చే మోసం లేదన్నాడు. స్ఫటికానికి రంగు పట్టించి వేరే రత్నంగా చూపించే విద్య భారతీయులకి తెలుసని కూడా రాశాడు. ఆ రోజుల్లో రోము బంగారం మన తీరానికి వచ్చేది. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి పాత గుడి ఇటుకలు తగిలాయి. వాటి కింద చిన్న కుండలో రోము చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్ కాలపు బంగారు నాణేలు బయటపడ్డాయి. వాటిలో చాలా భాగం పాత బంగారం కింద అమ్ముడైపోయి కరిగిపోయాయి. బంగారానికి అప్పుడూ ఒరగల్లు ఉంది. ఇప్పుడు హాల్‌మార్కు ఉంది. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా దాన్ని తప్పనిసరి చేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు లేనిదే నగ అమ్మకూడదన్నారు. మంచి పని. కానీ ఆ ముద్ర చెప్పేది బంగారం సంగతే. పక్కనే మెరుస్తున్న రాయి గురించి ఒక్క అక్షరం చెప్పదు. కొన్నవాళ్ళలో చాలామంది మాత్రం ముద్ర ఉందిగదా, రాయికి కూడా భరోసా ఉందనుకుంటారు.

ఈ సంగతిలో పొదిగేవాళ్ళ బాధ కూడా చెప్పాలి. గాజురాయి కొన్నవాళ్ళు మా దగ్గరికి మరమ్మతుకి వస్తారు. కొన్ని రోజులకి గీతలు పడి రాయి వెలవెలబోతుంది. అప్పుడు మొదట పడే మాట “ఆచారి రాయి మార్చేశాడు” అని. అమ్మినవాడు పెద్ద షాపు, గాజు తలుపులు, ఏసీ. మేము చాప మీద కూర్చునేవాళ్ళం. అనుమానం ఎటు వాలుతుందో చెప్పనక్కర్లేదు. మా నాన్న తరంలో ఇలాంటి మాట పడి పని మానేసినవాళ్ళు ఉన్నారు. చేతిలో విద్య ఉండీ, నిజాయితీ ఉండీ, ఊళ్ళో తలెత్తుకోలేక వెళ్ళిపోయారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవుతుంది.

అందుకే నేను ఏ రాయి తీసినా మనిషి ఎదుట తూచి, పొడవు వెడల్పు కొలిచి, లోపల ఏ మూల ఏ గుర్తుందో చూపించి, పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకుంటాను. దీనికి పట్టేది కాసేపు. ఒక చాప మీద కూర్చున్న మనిషి చేయగలిగింది ఇన్ని కంప్యూటర్లున్న షాపు చేయలేదా?

బిల్లులో రాయాల్సింది రెండు లైన్లు. ‘గోమేధికం, హెస్సొనైట్ గార్నెట్, సహజం, 6.20 క్యారెట్లు, రాయి ధర ఇంత.’ గాజైతే గాజు అని. కాల్చిన అకీకైతే కాల్చిన అకీకు అని. గాజు అని చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు, దాని అందం దానిది. రాయితో పాటు ప్లాస్టిక్ కార్డు ఇచ్చి ‘ఒరిజినల్’ అని ముద్ర కొడితే చాలదు. ఆ కార్డు ఇచ్చిన ల్యాబ్ ఎక్కడుందో, రాయి ఫొటో, కొలతలు, సాంద్రత, వక్రీభవన గుణకం ఏమిటో ఉండాలి. నంబరు కొట్టి చూస్తే ల్యాబ్ రికార్డులో అదే రాయి రావాలి.

చిన్న వ్యాపారులకి భారమవుతుందని మావాళ్ళే కొందరు అంటున్నారు. ప్రతి రాయినీ జైపూరు ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించడం నిజంగానే భారం. మూడు వందల రాయికి అంతకు మించిన ఫీజు ఎవరు కడతారు? కానీ తాను అమ్మేది ఏమిటో తెలుసుకుని బిల్లు మీద రాయడానికి జైపూరు దాకా పోనక్కర్లేదు. టోకుగా కొన్నప్పుడు తనకి రాయి అమ్మినవాడి దగ్గర ఇదే రాయించుకుంటే సరి. రాయించి ఇవ్వననేవాడి దగ్గర కొనడం మానేయడమే.

చట్టం ఇప్పటికే కొంత మన వైపు ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సరుకుని లేని గుణంతో వర్ణించి అమ్మడం అనుచిత వ్యాపారం. అయిదు లక్షల లోపు విలువైన కొనుగోలుకి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి అడగవచ్చు. ఇవన్నీ పనికి రావాలంటే చేతిలో రాయి పేరున్న కాగితం ఉండాలి. కాబట్టి రాయి పేరు, బరువు, సహజమా కాదా అన్నవి లేని బిల్లు చెల్లదని రాష్ట్ర ప్రభుత్వం ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి. నగల వర్తకుల సంఘాలు అంతకు ముందే తమంతట తాము మొదలుపెడితే వాళ్ళకే గౌరవం.

ఇంకొకటి అడుగుతాను. కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది, నెల్లూరులో తూనికలు కొలతల శాఖ ఆఫీసు ఉంది. ఎక్కడో ఒకచోట ఒక రిఫ్రాక్టోమీటర్, ఒక మంచి కాటా, ఒక సూక్ష్మదర్శిని, శిక్షణ ఉన్న మనిషిని పెట్టి, నామమాత్రపు రుసుముకి జనం తెచ్చిన రాయిని పరీక్షించి కాగితం ఇవ్వాలి. రోజూ అక్కర్లేదు, వారానికి ఒక్కరోజు చాలు. శుక్రవారం పెడితే బాగుంటుంది. గోమేధికం ఉంగరం శనివారం పెట్టుకోవడం మనవాళ్ళ ఆనవాయితీ, వేలికి ఎక్కే ముందురోజే దాని సంగతి తేలిపోతుంది.